ఎడమ ముందు చక్రం

"బుడగ రావట్లేదమ్మా," అన్నాడు గట్టాయన, తొట్టి నీళ్లలో ముంచిన చక్రాన్ని రెండు చేతులా అదిమి పట్టుకుని.

"సరిగ్గా చూడు బాబూ," అంది టీచరమ్మ, స్టూలు మీద కూర్చుని ఫ్లాస్కు మూత తిప్పుతూ.

"అరగంట నుంచి చూస్తూనే ఉన్నాను. నేను నీళ్లని చూస్తున్నాను, నీళ్లు నన్ను చూస్తున్నాయి."

ఇది ఐదో గురువారం. ప్రతి గురువారం పదకొండింటికి ఆమె పాత కారు గట్టాయన రిమ్ముల షెడ్డు ముందు ఆగుతుంది. ఎడమ ముందు చక్రంలో ముప్పై రెండు ఉండాల్సిన గాలి ఇరవై రెండుకి దిగి ఉంటుంది. అతను చక్రం విప్పి, నీళ్లలో ముంచి, ఏమీ దొరక్క, మళ్లీ గాలి నింపి పంపిస్తాడు.

కారు ఆమె భర్తది. చక్రాలు వెడల్పుగా ఉండి బండి కాస్త దర్జాగా కనబడాలని ఆయనకు సరదా. ఎక్కడో రిమ్ములు నిలువునా కోయించి, మధ్యలో ఇనుప పట్టీ అతికించి, వెడల్పు చేయించుకున్నాడు. ఆయన పోయాక ఆమె అరవై దాటిన వయసులో డ్రైవింగ్ నేర్చుకుంది. మొదటిసారి ఆమె ఈ షెడ్డుకి వచ్చిన రోజున గట్టాయన ఒక చక్రం విప్పి చూసి తల పట్టుకున్నాడు.

"దీనికి గట్టు లేదమ్మా."

"గట్టేంటి బాబూ?"

"గాలి నిండుగా ఉన్నంతసేపు టైరు అంచు రిమ్ముని కరుచుకుని కూర్చుంటుంది. గాలి తగ్గి, మలుపులో బండి పక్కకి లాగిందనుకోండి, ఆ అంచు లోపలికి జారుతుంది. జారిందా, టైరు ఊడినట్టే. జారకుండా రిమ్ము చుట్టూ చిన్న గట్టు ఉంటుంది. దీన్ని అతికించిన మహానుభావుడు ఆ గట్టు కాస్తా కోసి పారేశాడు."

నాలుగు చక్రాలూ అతనే గట్టు పెట్టి మళ్లీ అతికించాడు. గట్టు లేని చక్రాన్ని ఎవరెంత బతిమాలినా షెడ్డు దాటనివ్వడు కాబట్టే అతనికా పేరు పడింది. అందుకే ఈ గాలి సంగతి అతనికి మింగుడు పడడం లేదు. అతుకు తనది, గట్టు తనది. తప్పంటూ ఉంటే తన చేతిలోనే ఉండాలి.

"విచిత్రం కాకపోతే, సరిగ్గా పది తగ్గుతుంది. తొమ్మిదీ కాదు, పదకొండూ కాదు. గాలికి లెక్కలు కూడా వచ్చా?" అన్నాడు.

"ముందు టీ తాగు, చల్లారిపోతుంది," అంది ఆవిడ. ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన గొంతు, ఇంకా ఖంగున మోగుతుంది. "నిన్న ఇంట్లో పదిహేడో ఎక్కం పైకి చదివాను బాబూ. ఎవరి గొంతో ఒకటి వినబడాలి కదా."

ఆమె నవ్వింది. అతనూ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. తోటి పనివాళ్లిద్దరూ పెద్ద షాపుకి వెళ్లిపోయాక ఈ షెడ్డులో గ్రైండరు మోతే తప్ప మాటంటూ లేదు. వెనక గదిలో ఒక్కడే వండుకుంటాడు, ఒక్కడే తింటాడు. గురువారం పొద్దున్నే స్టూలు మీది సామాన్లు దించి తుడుస్తున్నాడన్న సంగతి అతను గమనించనేలేదు.

ఆరో గురువారం గేజి మళ్లీ ఇరవై రెండు చూపించింది. అతను పానా కింద పెట్టేశాడు.

"ఇక నా వల్ల కాదమ్మా. అతుకు కోసి మళ్లీ వేశాను. వాల్వు మార్చాను. టైరూ మార్చాను. ఇవి తీసేసి కంపెనీ చక్రాలే బిగిస్తాను. గాలి నిలవని బండి మీద మిమ్మల్ని పంపి నేను కంటినిండా నిద్రపోలేకపోతున్నాను."

"అవి బిగిస్తే గాలి తగ్గదా?"

"తగ్గదు. మీకు ఇంతదూరం రావాల్సిన పనే ఉండదు."

ఆమె చాలాసేపు చేతిలోని కప్పు వంక చూసింది. "ఒక్క వారం చూద్దాం బాబూ. మళ్లీ తగ్గితే మార్చేద్దువుగాని."

మరుసటి గురువారం ఆమె రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు. అతుకు నిలిచింది, పరువు దక్కింది అనుకున్నాడు గట్టాయన. స్టూలు మీద పానాల పెట్టె మళ్లీ ఎక్కింది. వీధి చివర నిలబడి టీ తాగితే రుచే తెలియలేదు. ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు తీశాడు. ఏమని అడుగుతాడు? గాలి ఉంటే ఇక మాటెందుకు?

మూడో గురువారం పదకొండు దాటాక ఫోన్ మోగింది.

"బాబూ, వంతెన దిగే మలుపులో ఉన్నాను," అంది టీచరమ్మ. "బండి ఒక్కసారిగా పక్కకి లాగేసింది. ఎలాగో ఆపాను."

"మీకేం కాలేదుగా?"

"లేదు. టైరు మాత్రం నేలకి కూర్చుండిపోయింది. అదే, ఎడమ ముందుది."

"దిగి చూడండమ్మా. టైరు అంచు రిమ్ము మీదే ఉందా, లోపలికి జారిందా?"

తలుపు చప్పుడు, రోడ్డు మీద లారీల మోత వినబడ్డాయి.

"చుట్టూతా ఉంది బాబూ. ఎక్కడా జారలేదు."

అతను గోడకి ఆనుకున్నాడు. "కదలకండి, నేను వస్తున్నాను. ఆ రోజే మార్చేయాల్సింది, మీ మాట విన్నాను. నా అతుకులోనే ఏదో లోపం."

"నీ అతుకు కాదు. ఇంత పొడుగు మేకు గుచ్చుకుని కనబడుతోంది."

"మేకు ఇవాళ్టిదమ్మా. ఆరు వారాలపాటు పోయిన గాలి సంగతేంటి?"

అంటూనే అతను జాకీ, పానాలు సంచిలో వేసుకున్నాడు.

"అసలు ఎక్కడికి బయల్దేరారు?"

"నీ షెడ్డుకే."

"మళ్లీ తగ్గిందా?"

లారీల మోత మధ్య కారు తలుపు మూసిన చప్పుడు వినబడింది.

"ఈసారి గాలి నేను తియ్యలేదు బాబూ."