మెత్తబడిన పెడలు

"బ్రేకులు బాగున్నాయని మాత్రం చచ్చినా అనకు," అని మెకానిక్ చెవిలో గొణిగాడు కళ్లద్దాల షాపాయన.

గ్యారేజీ గేటు దగ్గర ఆయన భార్య, ఆమె తమ్ముడు నిలబడి ఉన్నారు. షెడ్డు మధ్యలో షాపాయన కారు నల్లగా నిగనిగలాడుతోంది. ఒకప్పుడు ధనవంతులు ఎక్కిన కారు అది. తోలు సీట్లు, చెక్క డ్యాష్‌బోర్డు, ఆటోమేటిక్ గేర్లు, పడవంత పొడుగు. దాని మీద ఈగ వాలినా షాపాయనకు ఒళ్లు మండుతుంది.

"వచ్చే వారం మా బావమరిది పెళ్లి. మన కారే తీసుకెళ్లమని మా ఆవిడ వాడికి మాటిచ్చేసింది. వాడు బ్రేకు తొక్కాడంటే గుర్రానికి కళ్లెం లాగినట్టే. నా బండి నాకు మళ్లీ దక్కుతుందా, చెప్పు?"

"చూడకుండా నేను జబ్బు పేరు చెప్పనండీ."

"చూడు. ఎంతసేపైనా చూడు. చూసి, పోయాయని చెప్పు!"

మెకానిక్ డ్రైవర్ సీట్లో కూర్చుని ఇంజను స్టార్ట్ చేశాడు. బ్రేకు తొక్కి, కాలు తియ్యకుండా అలాగే ఉంచాడు. నొసలు ముడిపడింది. దిగి బానెట్ ఎత్తాడు. టార్చి పట్టుకుని ఒక్కో చక్రం వెనక్కీ దూరి చూశాడు. చేతులు తుడుచుకుంటూ నేరుగా షాపాయన భార్య దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, ఈ కారు గేటు దాటడానికి వీల్లేదు."

షాపాయన మనసు గాలిలో తేలింది.

"నిన్నటిదాకా బాగానే ఉందిగా?" అందామె.

"బ్రేకు ఆయిల్‌ని చక్రాలకు నెట్టే సిలిండరు ఒకటుంటుంది. దాని లోపలి రబ్బర్లు అరిగిపోయాయి. పెడలు తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగిపోతోంది. బయట చుక్క కూడా కారదు, అందుకే ఎవరికీ తెలియదు."

"అయ్యయ్యో!" షాపాయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఒరే బావమరిదీ, చూశావా నా ఖర్మ! నీ పెళ్లికి పనికిరాని కారు నాకు ఉంటే ఎంత, పోతే ఎంత!"

"ఊరుకో బావా. నాకు రాసిపెట్టి లేదు," అని అతను తల వంచుకున్నాడు. తమ్ముడి ముఖం చూసి అక్కకు కళ్లు చెమర్చాయి. ఇద్దరూ అద్దె కారు ఎక్కి వెళ్లిపోయారు.

కారు మలుపు తిరిగిందో లేదో, షాపాయన మెకానిక్ వీపు మీద ఒక్కటి చరిచాడు. "ఏం నటించావయ్యా! రబ్బర్లట, అరిగిపోయాయట! ఏదీ, తాళం ఇలా ఇవ్వు."

మెకానిక్ తాళం జేబులో వేసుకున్నాడు. "నటన కాదండీ."

"వాళ్లు వెళ్లిపోయారయ్యా బాబూ. ఇంక తెర దించు!"

"అయితే ఎక్కండి."

షాపాయన డ్రైవర్ సీట్లో, మెకానిక్ పక్క సీట్లో కూర్చున్నారు. మెకానిక్ తాళం ఇచ్చాక షాపాయన ఇంజను స్టార్ట్ చేసి గేరు వేశాడు. "బ్రేకు తొక్కి, అలాగే పట్టుకోండి," అన్నాడు మెకానిక్. కారు కదల్లేదు.

"చూశావా? నిక్షేపంలా..."

మాట పూర్తికాకముందే పాదం కింద పెడలు మెత్తబడింది. ఊబిలో దిగినట్టు కాలు దిగిపోసాగింది. కారు తనంతట తానే గోడ వైపు నడిచింది.

"ఆపు! ఆపవయ్యా!"

మెకానిక్ హ్యాండ్ బ్రేకు లాగాడు. బంపరుకీ గోడకీ మధ్య బెత్తెడు దూరం మిగిలింది.

షాపాయన గోడ వంక చూస్తూ అన్నాడు: "పొద్దున వంతెన దిగుతుంటే మా ఆవిడ పక్కనే ఉంది. సిగ్నల్ దగ్గర కారు ముందుకు జారింది. 'నువ్వు వాగుతుంటే నా కాలు జారింది' అని ఆవిణ్ని తిట్టానయ్యా!"

మెకానిక్ చొక్కా చేతులు మడిచాడు. పాత సిలిండరు ఊడదీసి కొత్తది బిగించాడు. పైపుల్లో గాలి తియ్యడానికి షాపాయన్నే పెడలు దగ్గర కూర్చోబెట్టాడు.

"తొక్కండి... పట్టుకోండి... ఆఁ, వదలండి!" అని వెనక చక్రం దగ్గర్నుంచి కేకలు. షాపాయన బడిపిల్లాడిలా చెప్పింది చెప్పినట్టు చేశాడు. సన్నటి గొట్టంలోంచి బుడగలతో కలిసి నల్లటి ఆయిల్ సీసాలోకి కారింది. కారగా కారగా తేనె రంగుకు తిరిగింది. పెడలు రాయిలా గట్టిపడింది.

అయినా షాపాయన దిగలేదు. సీటు వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు.

"నీ చేత అబద్ధం ఆడిద్దామని వచ్చి ప్రాణాలు దక్కించుకున్నానయ్యా. ఈ కారు వాడికే ఇస్తాను. గీతలు పడితే పడనీ, సొట్టలు పడితే పడనీ. పెళ్లిరోజు నేనే తాళం తీసుకెళ్లి వాడి చేతిలో పెడతాను."

అంతలో గేటు కిర్రుమంది. బావమరిది ఒక్కడే గబగబా లోపలికొచ్చాడు. సీట్లో వాలి ఉన్న బావను గమనించనే లేదు. మెకానిక్ రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు.

"గురువా, నువ్వు దేవుడివి! బ్రేకులు పోయాయని చెప్పమని పొద్దున ఫోన్‌లో బతిమాలితే, నేను చెప్పినట్టే చెప్పి మా అక్కను నమ్మించేశావు! పెళ్లయ్యేదాకా దీన్ని ముట్టుకోకు. ఈ పాత పడవలోంచి దిగితే నన్ను పెళ్లికొడుకనుకోరు, పెళ్లికొడుకు తాతనుకుంటారు!"