రెండు పన్నెండ్లు

“ఇలాంటివి రెండు కావాలండీ,” అంటూ దర్జీ పని చేసే ఆమె గాజు బీరువాలోని గ్రాఫిక్స్ కార్డును చూపించింది. మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చినట్టుంది.

కంప్యూటర్ల షాపాయనకు ప్రాణం లేచొచ్చింది. బీరువాలో ఉన్నవి సరిగ్గా రెండే. ఎవరో కొంటానంటే ఆయన బావమరిది ముందూ వెనకా చూడకుండా తెప్పించాడు. ఆ ఎవరో మళ్లీ మొహం చూపించలేదు. ఆర్నెల్లుగా అవి అక్కడే కూర్చుని ఆయన్ని వెక్కిరిస్తున్నాయి. ఇప్పుడు బావమరిది బిల్లు పుస్తకం తీసి సిద్ధంగా నిలబడ్డాడు.

రెండెందుకని మాటవరసకు అడిగాడు షాపాయన. తమ్ముడి కోసమని చెప్పిందామె. వాడు అడవిలో తిరిగే ఆటొకటి ఆడతాడట. బొమ్మ పూర్తి నాణ్యతతో రావాలంటే కార్డులో ఇరవై జీబీ మెమరీ ఉండాలని వాడు చెబుతుంటే కాగితం మీద రాసుకొచ్చింది. ఒక్కో కార్డుకు పన్నెండు ఉంది కాబట్టి రెండు కొంటే సరిపోయి ఇంకా మిగులుతుందని ఆమె ధీమా.

బావమరిది కౌంటరు కింద షాపాయన కాలు తొక్కాడు. షాపాయన ఒక్క క్షణం తటపటాయించాడు. ఆమె వేళ్ల నిండా సూది గుచ్చుకున్న గుర్తులున్నాయి. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

“రెండు పన్నెండ్లు కలిసి ఇరవై నాలుగు కావమ్మా,” అన్నాడు. “పన్నెండు గజాల టేబుళ్లు మీకు రెండున్నాయనుకోండి. ఈ ఆట ఒక్కో టేబుల్ మీదా అదే గుడ్డ మొత్తం పరవాలంటుంది. గుడ్డేమో ఇరవై గజాలు. ఇంకో టేబుల్ తెస్తే మాత్రం ఎక్కడ పడుతుంది? పైగా ఇప్పటి ఆటలు చాలామటుకు రెండో కార్డు వైపు కన్నెత్తి చూడవు.”

ఆమె ముఖం చిన్నబోయింది. ఇరవై నాలుగు జీబీ ఉన్న కార్డు ఒక్కటే తీసుకోవాలనీ, అది తన దగ్గర లేదనీ చెప్పాడు షాపాయన. బొమ్మ నాణ్యత కాస్త తగ్గించుకుంటే ఈ రెంటిలో ఒకటి చాలు, పోటీలు ఆడేవాళ్లు కూడా అలాగే సర్దుకుంటారు అని సలహా ఇచ్చాడు.

“తగ్గించకూడదండీ. ఆకు మీద వాన చుక్క కూడా తెలియాలి,” అందామె.

ఆ ఆట తమ్ముడు ఇప్పటికే రెండుసార్లు పూర్తి చేశాడని మాటల్లో తెలిసింది. అంతా తెలిసిన ఆటకు ఇంత ఆర్భాటమేమిటని షాపాయన నవ్వాడు. మళ్లీ మొదటి నుంచి ఆడతానంటున్నాడని ఆమె కూడా నవ్వింది. వాడు ఆసుపత్రిలో ఉన్నాడట, రేపు ఇంటికొచ్చేసరికి అన్నీ అమర్చి పెట్టాలట. జ్వరమో గిరమో అయి ఉంటుంది, మంచం దిగకముందే ఆటల ధ్యాస, అనుకున్నాడు షాపాయన.

అయినా ఊరుకోలేకపోయాడు. తెలిసిన నాలుగు షాపులకు ఫోన్ చేశాడు. నాలుగోవాడి దగ్గర కార్డు దొరికింది. మూతి ముడుచుకున్న బావమరిదే బండి తీసుకెళ్లి తెచ్చాడు.

ఆమె సంచిలో మోసుకొచ్చిన కంప్యూటరును షాపాయన విప్పాడు. వెనక మానిటర్ తగిలించే చోటంతా దుమ్ము పేరుకుపోయి ఉంది. ఊది, తుడిచి, కొత్త కార్డు బిగించి, ఇంట్లో ఏ మానిటరుందని అడిగాడు. పాతది ఎప్పుడో పాడైతే మళ్లీ కొనలేదని చెప్పి, మంచిది చూసి ఇమ్మందామె. స్నేహితుల ఇంట్లో ఆడుతున్నాడు కాబోలు అనుకుని, ఉన్నవాటిలో మేలైనది తీసి పెట్టాడు.

ఆ తెర మీద ఆట మొదలైంది. అడవిలో వాన పడుతోంది. ఆకుల చివర్ల నుంచి చుక్కలు జారుతున్నాయి. ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది.

షాపాయన కంగారుపడ్డాడు. “ఏమైందమ్మా? మీ తమ్ముడికి నచ్చదంటారా?”

“నచ్చుతుందండీ,” అందామె. “ఇన్నాళ్లూ చప్పుళ్లు వింటూనే ఆడాడు. ఏడేళ్ల తర్వాత వాడికి మళ్లీ చూపు వస్తోంది.”