చుక్క కారని కారు

సొంత ఖర్చుతో గేటు ముందు రాతి పలకలు వేయించుకున్నాక, వాటిమీద ఎవడి కారో వచ్చి నల్లగా ఆయిల్ కారిస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. శైలోబెక్‌కి మండింది. టోక్మోక్ ఊళ్లో ఆ వీధి మొత్తానికి పలకలున్న గుమ్మం ఆయనదొక్కటే. పక్కింటి తాబిల్దీకి కొత్త జీపు ఉంటే ఉండొచ్చు. పలకలు లేవు.

ఆయన పార పట్టుకుని బయటికొచ్చాడు.

రష్యావాళ్ల కాలం నాటి తెల్లకారు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు కుర్రాళ్లు. డ్రైవరు గబగబా దిగాడు.

"తప్పయింది బాబాయ్. సాయంత్రం ప్యాసింజరు వ్యాను రాగానే వెళ్లిపోతాం."

"ఇలా కారే బండితో ఎంతదూరం వెళ్తావురా?"

"కనుమ దాటాలి."

"సగంలోనే ఇంజిను పట్టేస్తుంది."

"అదే భయం. పెళ్లికి పిల్లని ఎత్తుకెళ్తున్నాం బాబాయ్. బండి ఆగిందంటే దూకి పారిపోద్ది. అక్కడ మా బామ్మ, పెళ్లికూతురి తలకి కట్టే తెల్లగుడ్డ పట్టుకుని పొద్దుట్నుంచీ గుమ్మంలోనే కూర్చుంది."

శైలోబెక్ పారని గోడకి ఆనించాడు.

"ఈ వీధి పిల్లేనా?"

"ఆ. పేరు..."

"చెప్పొద్దు. తెలిస్తే వాళ్ల నాన్నకి చెప్పాల్సొస్తుంది. ఇరుగుపొరుగు వాళ్లం కదా."

అంటూ తాబిల్దీ ఇంటివైపు చూసి, నవ్వు ఆపుకున్నాడు. ఆ ఇంట్లో పిల్లలు సాయంత్రం వ్యాను దిగి, ఎదురుపడినా సలాం చెప్పకుండా పోతారు. జీపు ఉన్నవాళ్ల పొగరు.

శైలోబెక్‌కీ అలాంటి పాత కారే ఉంది. ప్రతి ఆదివారం దాని కింద పడుకుంటాడు. మెకానిక్‌కి ఇవ్వడం మగతనానికి తక్కువని ఆయన లెక్క.

బానెట్ ఎత్తి చూశాడు. పైమూత కింద ఆయిల్ కారకుండా ఆపే గాస్కెట్ రాయిలా గట్టిపడి ఉంది.

"ఎవడ్రా బోల్టులు ఇలా బిగించింది? కారుతోందని ఇంకా బిగిస్తే మూత వంగుతుంది. ఆడదైతే బిగిస్తేనే దారికొస్తుంది. బండికీ ఆడదానికీ అదే తేడా." తన జోకుకి తనే నవ్వాడు.

మొరాయించిన బోల్టుని సుత్తితో కొట్టాడు. పానా జారి వేళ్ల కణుపులు చీరుకుపోయాయి. నెత్తురు ఆయిల్లో కలిసింది. ఆయన పట్టించుకోలేదు. ఇంట్లోంచి కొత్త గాస్కెట్ తెచ్చి, అంచులు తుడిచి, మూత సమంగా కూర్చోబెట్టాడు.

చేతులు పని చేస్తుంటే నోరూ పని చేసింది.

"వ్యాను దిగగానే ముందు తలమీద కంబళి వెయ్యండి. గొంతు బయటికి రాదు. కాళ్లు ఇద్దరు పట్టుకోవాలి. నేను ఎత్తుకొచ్చిన రోజు మా ఆవిడ మా మావయ్య పళ్లు రాలగొట్టింది. నా చెవి చూడు, ఈ ముక్క లేదు. మొహంమీద పిడికిలితో రెండిస్తే గానీ ఊరుకోలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాటెత్తలేదంటే, మర్చిపోయినట్టే కదా."

కుర్రాళ్లు నవ్వారు. వెనకసీట్లో పెళ్లికొడుకు మాత్రం తలెత్తలేదు. సిగ్గరి కుర్రాడని శైలోబెక్ ముచ్చటపడ్డాడు. పని అయ్యాక అతనే దిగి, తన కొత్త చేతిరుమాలుతో ఆయన వేళ్ల నెత్తురు తుడిచి, వంగి దణ్ణం పెట్టాడు.

ఇంజిను నడిపించి కింద పేపరు పరిచారు. చుక్క లేదు.

"పెద్ద రోడ్డుమీద పోలీసులుంటారు. కాలవగట్టు మీంచి పొండి," అన్నాడు శైలోబెక్. తర్వాత లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. చూస్తే సాక్షి అవుతాడు. ఆయన కోర్టుల గొడవలకి దూరం.

చేతులు కడుక్కుంటుండగా వ్యాను ఆగిన చప్పుడు వినిపించింది. తర్వాత పరుగులు. చెంపమీద కొట్టిన దెబ్బ. తల దేనికో గట్టిగా తగిలిన మోత. కంబళి లోపల్నుంచి నలిగిన అరుపు, "నాన్నా" అని. అందరూ అలాగే అరుస్తారు, తన పెళ్లాం కూడా అరిచింది. కుళాయి ఇంకాస్త తిప్పాడు. బయట ఎవడో మగవాడు కేకలు వేస్తున్నాడు. ఎముక విరిగిన శబ్దం. అద్దం పగిలింది. తలుపు ధడేల్‌మంది. ఇంజిను రయ్యిమంది, కారు దూసుకుపోయింది. ఎక్కడా తడబాటు లేదు. గాస్కెట్ బాగా కూర్చుంది.

గేటు తోసుకుని తాబిల్దీ వచ్చాడు. మూతి చితికిపోయింది, పళ్లు లేవు. కుడిచెయ్యి మోచేతి దగ్గర ఉండకూడని వైపు వంగి ఉంది. కారు ఈడ్చుకెళ్లినట్టుంది, మోకాళ్లమీద బట్టా లేదు, తోలూ లేదు. ఎడమచేతిలో ఆడపిల్ల బూటొకటి.

శైలోబెక్ మొహాన్ని జాలిగా పెట్టుకున్నాడు.

"కూర్చో తమ్ముడూ. ఆడపిల్ల తండ్రికి ఇది తప్పదు. ఏడుస్తూ వెళ్లినా రేపట్నుంచి కాపురం చేసుకుంటుంది. టీ పొయ్యనా?"

తాబిల్దీ మాట్లాడటానికి చూశాడు. నోట్లోంచి నెత్తురే వచ్చింది. బూటుని ఆయన చేతిలో పెట్టాడు.

బాబ్బాబు, ఆ కారు కనుమ దాటేలోపు దాన్ని ఎలా ఆపాలో చదివేవాళ్లలో ఎవరికైనా తెలిస్తే కాస్త త్వరగా చెప్పండి, ఎందుకంటే దాన్ని బాగుచేసి పంపిన పెద్దమనిషికి ఉన్నది ఒక్కతే కూతురు, పేరు ఆయ్‌పెరీ, ఆ బూటు ఆ పిల్లదే.