వేలం గదిలో నుసుములు

బ్రొన్విన్ టీ కప్పు తెచ్చి విన్స్ ముక్కు కింద పెట్టింది. టీలో ఆవగింజంత నల్లటి పురుగు, నుసుమొకటి ఈదుతోంది.

"ఇది నీ సరుకే కదా?"

కాదనడానికి వీల్లేదు. అమ్మకానికి పెట్టిన ఇళ్లు కళగా కనపడాలని కుండీ మొక్కలు అద్దెకివ్వడం విన్స్ వ్యాపారం. ఆ ఇళ్లు అమ్మిపెట్టే బ్రోకరు బ్రొన్విన్. ఆస్ట్రేలియాలోని ఆ గీలాంగ్ ఊళ్లో అతని మొక్కల్లో ముప్పాతిక భాగం ఆవిడ ఇళ్లలోనే కొలువుంటాయి. ఉన్న గూళ్లన్నీ ఒకే కొమ్మ మీద కట్టుకున్న పిట్ట ఆ కొమ్మతో పేచీ పెట్టుకోదు.

"కుండీ మట్టిలో పుడతాయమ్మా. కుట్టవు, కరవవు," అన్నాడు నెమ్మదిగా.

"కొనేవాళ్ల ముక్కుల్లో దూరతాయి. శనివారం ఈ ఇంటి వేలం. ఆ రోజు గదిలో ఒక్కటి ఎగిరిందా, నీకూ నాకూ చెల్లు. ప్లాస్టిక్ మొక్కలవాడు రోజూ ఫోన్ చేస్తున్నాడు. ప్లాస్టిక్‌కి పురుగు పట్టదు."

విన్స్ పనిలోకి దిగాడు. నుసుముల గుట్టు అతనికి తెలియంది కాదు. పైమట్టి తడిగా ఉంటే అందులో గుడ్లు పెడతాయి, ఎండితే సంతానం నిలవదు. నీళ్లు ఆపాడు. కుండీల మీద ఇసుక పరిచాడు. జిగురు పూసిన పసుపు అట్టలు గుచ్చాడు. మర్నాడు వచ్చి చూస్తే అట్టల నిండా నుసుములే, గది నిండా నుసుములే. ఇసుక మీద వేలు పెడితే చెమ్మ తగిలింది.

ఇంటావిడ నోరీన్‌ని అడిగాడు. ఆ పెద్దావిడ ఏమీ దాచలేదు. పొద్దున్నే లేచి తనే తడుపుతోందట.

"ఇంటికొచ్చిన వాటిని దాహంతో ఎండబెడతామా నాయనా?"

నీళ్లు పోయొద్దని బతిమాలాడు. సరేనంది. ఆ సరే విలువెంతో మరుసటి రోజు మట్టే చెప్పింది. ఇక లాభం లేదని వేపనూనె కలిపి పోశాడు. నుసుములు తగ్గాయి గాని ఇల్లంతా కంపు కొట్టింది. బ్రొన్విన్ వచ్చి, పురుగులున్న ఇల్లయినా అమ్మగలను గాని ఈ వాసనను మాత్రం అమ్మలేనని తిట్టి, అన్ని కుండీల్లోనూ మట్టి మార్పించింది. తెచ్చిన కొత్త మట్టి బస్తాలు తడి బస్తాలు. నుసుములకు కొత్త కాపురం పెట్టించినట్టయింది.

శనివారం వాన పట్టుకుంది. ముంగిట్లో జరగాల్సిన వేలం ముందుగదిలోకి మారింది. కొనడానికి వచ్చింది ఇద్దరే. పడవలమ్మే రస్ ఒకడు, భార్య లినెట్‌తో వచ్చిన పళ్ల డాక్టరు ఫిలిప్ ఇంకొకడు. మిగతా వీధంతా ఊరికే చూడటానికి వచ్చింది. తడి కోట్లు, మూసిన కిటికీలు, ఎర్రగా మండే హీటరు. ఆ వెచ్చదనానికి కుండీల్లోంచి నుసుములు గుంపుగా లేచాయి. మూల నిలబడ్డ విన్స్ తన వ్యాపారానికి నీళ్లొదిలేసుకున్నాడు.

బ్రొన్విన్ వేలం మొదలెట్టింది. చెయ్యెత్తితే పాట పాడినట్టు. రస్, ఫిలిప్ కాసేపు పోటీ పడి చల్లబడ్డారు. నోరీన్ అనుకున్న కనీస ధరకు పాట ఇంకా చాలా కిందే ఉంది. అక్కడ ఆగితే ఇల్లు అమ్ముడుపోనట్టే. బ్రొన్విన్ అటూ ఇటూ చూసింది. అంతలో రస్ కంటి ముందు వాలబోయిన నుసుమును చేత్తో తోలాడు.

"సంతోషం రస్," అంది బ్రొన్విన్.

"పాట కాదండీ, పురుగు," అన్నాడు రస్.

గది ఘొల్లుమంది. వెనకనుంచి ఎవరో, "జేబు ఖాళీ అయితే పురుగులే కనపడతాయి మరి," అన్నారు. రస్ చెవులు ఎర్రబడ్డాయి.

"పురుగూ లేదు, పుట్రా లేదు. పాటే. కానివ్వండి," అన్నాడు.

ఆ తర్వాత పురుగును తోలానని చెప్పే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేకపోయింది. లినెట్ చెవి దగ్గర చెయ్యి విదిలించింది. ధర మెట్టెక్కింది. కాదని చెప్పడానికి నోరు తెరిచి, రస్ వెకిలి నవ్వు చూసి మూసుకుంది. ఆ చెయ్యి కిందికి లాగబోయి ఫిలిప్ తన చెయ్యెత్తాడు. పెళ్లాం పాట మీద మొగుడు పాడినట్టయింది. రస్ మళ్లీ తోలాడు. ఈసారి నుసుమును తోలాడో, పౌరుషం కొద్దీ తోలాడో అతనికే తెలియాలి. నోరీన్ అనుకున్న ధర ఎప్పుడో వెనకబడిపోయింది. తన ముక్కు మీద వాలిన నుసుమును మాత్రం విన్స్ అలాగే ఉండనిచ్చాడు. ఎక్కడ ఇల్లు కొనాల్సి వస్తుందోనని చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు.

సుత్తి దిగేసరికి ఇల్లు ఫిలిప్‌ది. మొగుడూపెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూడకుండా సంతకాలకు వెళ్లారు. నోరీన్ ఏడుస్తూ నవ్వింది.

జనం వెళ్లాక విన్స్ తనంతట తనే కుండీలు వ్యానులోకి మోయడం మొదలెట్టాడు. బ్రొన్విన్ దగ్గరకొచ్చింది. తలుపు మూసింది. ఆవిడ తిట్టకముందే అతను క్షమాపణకు దిగాడు. ఎంత చేసినా పోలేదనీ, రేపట్నుంచి ప్లాస్టిక్ మొక్కలవాణ్ణే పిలుచుకోమనీ, ఇన్నాళ్లూ అన్నం పెట్టినందుకు దండమనీ చెప్పాడు.

బ్రొన్విన్ అంతా ఓపిగ్గా విని, గొంతు తగ్గించి అడిగింది.

"మొక్కల అద్దె తెలుసులే విన్స్. పురుగులకు విడిగా ఎంత తీసుకుంటావు?"