అల్లుడి గీతల మిషను

కార్టూన్ల స్టూడియోలో ముప్ఫై ఏళ్లుగా చేత్తో బొమ్మలు గీస్తున్న ఆర్టిస్టు, ఒంటికాలి మీద లేచి యజమానురాలి గదిలోకి వచ్చాడు.

గుండె ఆగిన మనిషికి ప్రథమచికిత్స ఎలా చేయాలో నేర్పే సినిమా ఒకటి ఉంది. ఆర్టిస్టు బొమ్మలతోనే తీసిన పాతది అరిగిపోయింది కాబట్టి మళ్లీ తీస్తున్నారు. రెండు వేల బొమ్మలు కావాలి. ఆ పని ఆర్టిస్టుకా, మిషనుకా అన్నది చెరొక నమూనా బొమ్మ చూసి ఇవాళ తేలాలి. మిషనుకైతే ఆర్టిస్టు ఇక ఇంటికే.

ఆ మిషనైనా ఎవరిది? సొంత అల్లుడిది! స్టూడియోలో వైర్లు చూసుకునే ఎలక్ట్రీషియను. కుట్టుమిషను మోటారు, సైకిలు చువ్వలు, గొడుగు కమ్మీ, చివర ఒక పెన్ను. ఆ చెత్తంతా స్టూడియో వెనక గదిలో బల్లమీద బిగించి, తగుదునమ్మా అని బొమ్మలు గీయిస్తాడట. పిల్లనిచ్చిన పాపానికి తన కుర్చీకే ఎసరు పెట్టాడని ఆర్టిస్టు పొద్దున్నుంచీ కనబడ్డవాళ్లందరితో అంటూనే ఉన్నాడు.

అల్లుడు గోడవారగా నిలబడి ఉన్నాడు. ఆర్టిస్టు అతన్ని ఎగాదిగా చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. యజమానురాలు ఇచ్చిన టీ కప్పును రెండు చేతులతో అందుకున్నాడు.

బల్లమీద రెండు కాగితాలున్నాయి. రెండింటిమీదా ఒకటే బొమ్మ. పడుకున్న మనిషి ఛాతీని నొక్కుతున్న రెండు చేతులు.

"చూసి మీరే చెప్పండి," అందావిడ.

ఎడమ కాగితం చూడగానే ఆర్టిస్టు మొహం చేటంత అయింది. గీతంటే ఇదీ అన్నాడు. ఆ వేళ్లలో మనిషిని బతికించాలన్న ఆత్రం ఉందట. ఇనప ముక్కలకు ఆత్రం ఎక్కణ్నుంచి వస్తుందట.

కుడి కాగితం చూసి పకపకా నవ్వాడు.

"ఇవి వేళ్లా, వంకాయ తొడిమలా? ఈ గీత చూడమ్మా, చలిజ్వరం వచ్చినట్టు ఎలా వణుకుతోందో. దీన్ని చూసి నొక్కితే బతికే మనిషి కూడా పోతాడు."

"మామయ్యా, నా మిషను ఇంకా..." అల్లుడు ఏదో చెప్పబోయాడు.

"నువ్వు మాట్లాడకు. స్విచ్చులు తప్ప నీకేం తెలుసు?"

అల్లుడు తల దించుకున్నాడు. అది చూసి ఆర్టిస్టుకు మరీ ఊపొచ్చింది. ఎర్ర పెన్సిలు తీసి, కుడి కాగితాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు కొట్టేశాడు. దీన్ని గీసినదాన్ని ఇవాళే గేటు దాటించమన్నాడు. జాలి చూపిస్తే రేపు ఎవరి ప్రాణమో పోతుందన్నాడు.

"ఇదే మీ ఆఖరి మాటా?" అని అడిగింది యజమానురాలు.

"ఆఖరి మాటే. కావాలంటే రాసిస్తాను."

ఆవిడ రెండు కాగితాలనూ మెల్లగా తిరగేసింది.

స్టూడియో రివాజు ప్రకారం రెండింటి వెనకా గీసినవాడి సంతకం ఉంది, రెండూ ఆర్టిస్టువే, ఎడమదాని కింద పన్నెండేళ్ల కిందటి తేదీ, కొట్టేసినదాని కింద నిన్నటి తేదీ.