ప్రకృతే చూసుకుంటుంది

పిల్లకు జ్వరం వచ్చి మూడో రోజు. గుడిసెలో థర్మామీటరు లేదు. గడియారం లేదు, ఫోను లేదు, ఆఖరికి సబ్బు కూడా లేదు. అన్నీ ఆయనే గొయ్యి తవ్వి పాతిపెట్టాడు, తన నల్ల తోలుసంచితో సహా.

“ప్రకృతే చూసుకుంటుంది,” అన్నాడు ఆయన, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని కర్ర చెక్కుకుంటూ.

ఇదంతా ఒక సినిమా వల్ల వచ్చింది. పట్నం మీద విసుగెత్తి అడవికి పారిపోయిన ఒక వెర్రివాడి కథ. ఎలుగుబంటి అతని ప్యాంటు ఎత్తుకుపోతుంటే హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఈయన ఒక్కడే కళ్ళు తుడుచుకున్నాడు. నెల తిరక్కుండా పెళ్ళాన్నీ ఆరేళ్ళ కూతుర్నీ వెంటబెట్టుకొచ్చి ఇక్కడ పడ్డాడు.

“ఇరవై ఏళ్ళు ఒకటే గది, ఒకటే కుర్చీ. పొద్దున లేస్తే ఎవరో ఒకరి ఏడుపు వినాలి. ఇక నావల్ల కాదు,” అన్నాడు.

అలిసిపోయిన మాట నిజమే. ఆమె కాదనలేదు. అలిసిపోయినవాడు పడుకోవాలి గానీ, ఇంటిల్లిపాదినీ తెచ్చి అడవిలో పారేస్తాడా? చెప్పి చూసింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నాడు.

మొదట్లో నవ్వులాటగానే గడిచింది. బూడిదతో పళ్ళు తోముకున్నారు. కోతులు దుప్పటి ఎత్తుకుపోతే, “పోనీలే, వాటికీ చలే కదా,” అన్నాడు. ఆమె కూడా నవ్వింది. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే తన చెంప తానే పగలగొట్టుకోవాలనిపిస్తోంది.

“ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి. ఒక్కసారి వచ్చి దాని మీద చెయ్యి వేసి చూడండి.”

“అవన్నీ అక్కడే వదిలేసి వచ్చానని చెప్పానా లేదా?”

“చూస్తే అరిగిపోతారా?”

ఆయన తలెత్తి ఒక్కసారి చూశాడు. వెంటనే మొహం తిప్పుకున్నాడు.

“ఆకుల కషాయం పట్టించు. ఆదిమానవులకు పిల్లలు పుట్టలేదా?”

“పుట్టారు. సగంమంది చచ్చారు. ఆ సంగతి మీకు తెలీదా?”

ఆయన కర్ర చెక్కుకుంటూనే ఉన్నాడు. ఆమె శాలువాతో పిల్లను వీపుకు కట్టుకుని బయల్దేరింది.

“మళ్ళీ ఆ నరకంలోకే పోతావా?” అని వెనకనుంచి అరిచాడు.

“అక్కడైనా డాక్టర్లుంటారు,” అంది, వెనక్కి తిరక్కుండానే.

ఎండ నడినెత్తికి వచ్చేదాకా నడిచింది. రోడ్డెక్కేసరికి కాళ్ళకు ముళ్ళు దిగి రక్తం కారుతోంది. పాలవ్యాను డ్రైవరు పిల్ల మొహం చూసి, ఒక్క ప్రశ్నా అడక్కుండా తలుపు తీశాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు ఆక్సిజన్ పెట్టి, సూది వేసి, ఆ తర్వాతే తిట్టడం మొదలుపెట్టింది.

“న్యుమోనియా. రెండు వైపులా పట్టేసింది. మొన్న తెచ్చుంటే మందు రాసిచ్చి ఇంటికి పంపేదాన్ని. ఇవాళ ఏ మాటా ఇవ్వలేను. చదువుకున్నవాళ్ళలా ఉన్నారు, పిల్ల డొక్కలెగరేస్తుంటే చూస్తూ కూర్చుంటారా?”

ఆమెకు కోపంతో ఒళ్ళంతా మండిపోతోంది. ఈ తిట్లు తినాల్సిన మనిషి అక్కడ హాయిగా కర్ర చెక్కుకుంటున్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

నర్సు కాగితాల అట్ట పట్టుకుని వచ్చింది. పిల్ల పేరు, వయసు, తండ్రి పేరు అడిగింది. ఆమె ఒక్కొక్కటే చెప్పింది.

“తండ్రి ఏం చేస్తుంటారు?”

మంచం మీద ఎగిరిపడుతున్న ఆ చిన్న డొక్కల మీంచి చూపు తిప్పకుండా, “పిల్లల డాక్టరు,” అంది.