రెండో కాపీ

కొబ్బరికాయ కొట్టేదాకా అన్నీ బాగానే ఉన్నాయి. కొట్టాక స్విచ్ లేవలేదు.

కొత్తపేటలో ధర్మరాజు గారి కేబుల్ నెట్ ఆఫీసులో ఆయుధపూజ ఏటా ఒకే తీరు. అన్నీ ఆపేసి, దుమ్ము తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, మళ్ళీ ఆన్ చేస్తారు. చుట్టుపక్కల ఊళ్ళకి నెట్ పంపే పెద్ద స్విచ్‌కి ఏడాది మొత్తంలో విశ్రాంతి ఆ ఒక్క పూటే. ఈసారి పడుకున్నది పడుకున్నట్టే ఉండిపోయింది.

మధ్యాహ్నానికి జోజికి కబురొచ్చింది. ఏళ్ళ తరబడి అక్కడ చేసిన ఉద్యోగం మొన్ననే మానేశాడు. ఖతర్ వీసాకి కావలసిన పోలీసు సర్టిఫికెట్ కోసం ఎదురుచూస్తున్నాడు. పాత యజమాని పిలిచింది సాయానికే అనుకుని పరుగెత్తుకుంటూ వెళ్ళాడు.

"రండి జోజి గారూ, రండి," అన్నారు ధర్మరాజు గారు.

ఆ 'గారు' వినగానే ఏదో తేడా కొట్టింది. ఆయన ఎప్పుడూ 'ఒరేయ్' అని తప్ప పిలిచిందే లేదు.

లాప్‌టాప్ ముందు కొత్త టెక్నీషియన్ ప్రసాద్ కూర్చుని ఉన్నాడు. "స్విచ్ లోపలి ఫ్లాష్ మెమరీలో దాన్ని లేపే ఫైలు లేదండీ. ఎవరో డిలీట్ చేసేరు. వాడిన పాస్‌వర్డ్ మీదే."

నడుస్తున్న స్విచ్‌కి ఆ ఫైలుతో పని ఉండదు. తీసేసినా ఎవరికీ తెలియదు. ఆపి మళ్ళీ వేసినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. అంటే, ఈ పూజ గురించి బాగా తెలిసినవాళ్ళే ముందుగా తీసి పెట్టారన్నమాట.

"నేను చెయ్యలేదండీ," అన్నాడు జోజి.

"సొంత తమ్ముడిలా చూసుకున్నాను కదరా! పోతూ పోతూ నా కొంప ముంచిపోతావా?" ధర్మరాజు గారి గొంతు పెరిగింది. "కంప్లైంట్ రాయించేను. స్టేషన్లో ఇవ్వడమే తరువాయి. నీకు సర్టిఫికెట్ ఎలా వస్తుందో నేనూ చూస్తాను."

జోజి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుఫాను గాలుల్లో స్తంభాలెక్కింది ఈయన కోసమేనా? ఇంత మాట అనడానికి ఈయనకి నోరెలా వచ్చింది?

"మా బావ అలాంటివాడు కాదండీ!"

బిల్లుల కౌంటర్లోంచి హన్నా లేచి వచ్చింది. జోజికి మేనమామ కూతురు. వేసవిలో ప్రధానం అయింది. అతను ఖతర్ వెళ్ళి వచ్చాక పెళ్ళి. వానలో అతను స్తంభం మీద నుంచి ఫోన్లో చెబుతుంటే, ఆఫీసులో కూర్చుని స్విచ్‌లో అన్నీ టైపు చేసిపెట్టింది ఆమే. వెళ్ళొద్దని ఇంటిల్లిపాదీ ఏడ్చినా, ఒక్క మాట కూడా అనకుండా ఊరుకున్నదీ ఆమే. తన పక్షాన ఆ ఒక్క గొంతయినా లేచినందుకు జోజి ప్రాణం కాస్త కుదుటపడింది.

"కంప్లైంట్ ఇవ్వకండి సార్. బావ ఇక్కడే ఉండి మొత్తం బాగుచేస్తాడు," అంది హన్నా.

ధర్మరాజు గారు కొంచెం మెత్తబడ్డారు. "ఖతర్ మానుకుని పనిలోకి వస్తానంటే ఆ కాగితం ఇప్పుడే చింపేస్తాను."

"ఒప్పుకో బావా. పరువు కంటే ఖతర్ ఎక్కువా?"

ఒప్పుకుంటే తప్పు చేశానని ఒప్పుకున్నట్టే. జోజికి ఒళ్ళు మండిపోయింది. అంతలో చటుక్కున గుర్తొచ్చింది.

"అదే ఫ్లాష్‌లో ఇంకో కాపీ దాచేనండీ! ఎప్పుడైనా అవసరపడుతుందని, వేరే పేరుతో. నేనే పాడుచెయ్యాలనుకుంటే దాన్నీ తీసేసేవాణ్ణి కదండీ? అది ఉందంటే నేను చెయ్యనట్టే. స్విచ్ కూడా ఐదు నిమిషాల్లో లేస్తుంది."

"ఆయ్, అదీ నిజమే. చూడు మరి," అన్నారు ధర్మరాజు గారు.

"ఇప్పుడవన్నీ ఎందుకు బావా..." అంది హన్నా.

ప్రసాద్ లేచి కుర్చీ ఇచ్చాడు. జోజి కూర్చుని, దేవుణ్ణి తలుచుకుని ఫ్లాష్ తెరిచాడు. ఏళ్ళ నుంచి పేరుకుపోయిన చెత్తంతా చెక్కుచెదరలేదు. పాత సెట్టింగులు, సగం ఎక్కి ఆగిపోయిన ఫైళ్ళు, ఎందుకున్నాయో తనకే గుర్తులేనివి, ఎక్కడివక్కడే ఉన్నాయి. పోయినవి రెండే రెండు.

"ఉందాండీ?" అని అడిగాడు ప్రసాద్.

జోజి మెల్లగా తల తిప్పి హన్నా వైపు చూశాడు. ఆమె చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూస్తోంది.

అన్ని ఫైళ్ళ మధ్య నుంచి ఏరి మరీ తీసేసిన ఆ రెండో కాపీకి అతను పెట్టుకున్న పేరు కెజియా, ప్రధానం నాటి సాయంత్రం మురమళ్ళ గోదారి గట్టున, "మనకి ఆడపిల్ల పుడితే ఇదే పెట్టుకుందాం, అప్పటిదాకా ఎవరికీ చెప్పకు బావా," అంటూ హన్నా అతని చెవిలో చెప్పిన పేరు.